ఉమ్మితే గౌరవం.. ఏడిస్తే దానం!

ఇసుక తప్ప మరేమీ కనిపించని గ్రహం. చుక్క నీటినీ లెక్కగట్టే జనం. వాళ్ల దేవుడు.. 400 మీటర్ల పురుగు! ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' నవలలోని ఫ్రెమెన్ జాతి పుట్టి 60 ఏళ్లు దాటింది. గేమింగ్, యానిమేషన్, వీఎఫ్ఎక్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇప్పటికీ అదో మంచి పాఠం. అటు వెళ్లాలనుకోనివాళ్లకూ అందులో ఒక హెచ్చరిక ఉంది.

ఒక గ్రహానికి కొత్తగా వచ్చిన పాలకుడు. ఆయన్ని కలవడానికి ఎడారి జాతి నాయకుడు స్టిల్గార్ వచ్చాడు. మాటల మధ్యలో పాలకుడి ముందున్న బల్లమీద తుపుక్కున ఉమ్మాడు! చుట్టూ ఉన్నవాళ్లు కోపంతో ఊగిపోయారు. ఆ జాతి గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి మాత్రం వాళ్లను ఆపాడు. స్టిల్గార్‌కు కృతజ్ఞతలు చెప్పి, తనూ అదే బల్లమీద ఉమ్మాడు. ఎందుకంటే అది అవమానం కాదు, కానుక. నీళ్లే లేనిచోట ఒంట్లోని తడిని ఎదుటివాడికి ఇవ్వడం కంటే గొప్ప మర్యాద ఏముంటుంది?

1965లో పుస్తకంగా వచ్చిన 'డ్యూన్'లోని సన్నివేశం ఇది. 2021లో డెని విల్నవ్ తీసిన సినిమాలోనూ ఉంది. గమనించారా? అక్కడ ఎడారి ఎంత పొడిగా ఉంటుందో ఎవరూ లెక్చర్ ఇవ్వరు. ఒక్క ఉమ్ముతో పని అయిపోయింది.

'కెరియర్ పేజీలో ఈ ఉమ్ముల గోలేంటి?' అంటారా.. వస్తున్నా. గేములు, యానిమేషన్, ఫాంటసీ సిరీస్‌లలో 'వరల్డ్ బిల్డింగ్' అనే మాట ఈమధ్య బాగా వినపడుతోంది. లేని లోకాన్ని నమ్మేలా కట్టడం అన్నమాట. చాలామంది దాన్ని నోరు తిరగని పేర్లు, రంగురంగుల మ్యాపులు, డ్రాగన్ల జాబితా అనుకుంటారు. కాదు. ఒక్క షరతు పెట్టి, దాని పర్యవసానాలను చివరిదాకా వెంటాడటం. ఆ పని ఎలా చేయాలో ఫ్రెమెన్లను చూస్తే తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ఎవరీ ఫ్రెమెన్లు?

కథ జరిగేది వేల ఏళ్ల తర్వాతి కాలంలో. అరాకిస్ అనే గ్రహమంతా ఇసుకే, వాన ఊసే లేదు. కానీ నక్షత్రాల మధ్య ప్రయాణానికి తప్పనిసరైన 'స్పైస్' అనే పదార్థం సృష్టి మొత్తమ్మీద దొరికేది అక్కడే. అందుకే చక్రవర్తికీ, సామంత వంశాలకూ ఆ గ్రహం మీదే కన్ను. తవ్వుకునేవాళ్లు వస్తుంటారు, పోతుంటారు. ఎప్పటినుంచో ఉన్నదీ, ఎక్కడికీ పోనిదీ మాత్రం ఫ్రెమెన్లే.

వీళ్ల పూర్వీకులు 'జెన్‌సున్నీ సంచారులు'. పేరులోనే తెలిసిపోతోంది కదా.. బౌద్ధంలోని జెన్, ఇస్లాంలోని సున్నీ కలిసిన విశ్వాసం. ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి తరిమితే తిరిగి తిరిగి చివరికి ఇసుకలోకి చేరారు. కొండ గుహల్లో 'సీచ్' అనే ఆవాసాలు ఏర్పరచుకున్నారు. ప్రమాదం వస్తే మూటాముల్లె సర్దుకుని ఇంకో సీచ్‌కు వెళ్లిపోతారు. పాలకులు వీళ్లను లెక్కలోకి రాని కొద్దిమంది అనుకుంటారు. ఆ తప్పుడు లెక్కే తర్వాత వాళ్ల కొంప ముంచుతుంది. అలా అనుకోవడంలో ఫ్రెమెన్ల చెయ్యి కూడా ఉంది. తమ ఎడారి మీద ఉపగ్రహాలు ఎగరకుండా చూసినందుకు అంతరిక్ష రవాణా సంఘానికి స్పైస్‌ను లంచంగా ఇస్తుంటారు మరి!

ఒక్క కొరత.. వంద ఆచారాలు

హెర్బర్ట్ పెట్టుకున్న షరతు ఒక్కటే: నీళ్లు లేవు. ఇప్పుడు ఆ షరతు ఎక్కడెక్కడికి పాకిందో చూడండి.

మొదట పరికరం. ఫ్రెమెన్లు ఒంటికి 'స్టిల్‌సూట్' తొడుక్కుంటారు. చెమట, మూత్రం, ఊపిరిలోని తడి.. ఏదీ వృథా కానివ్వదు. అన్నిటినీ పట్టి, వడకట్టి, మళ్లీ తాగే నీరుగా మెడ దగ్గరున్న గొట్టానికి అందిస్తుంది. దీనికి బ్యాటరీ లేదు. నడిచేటప్పుడు మడమల ఒత్తిడి, ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కదలిక.. వీటితోనే పంపులు నడుస్తాయి. మంచి సూటును సరిగ్గా తొడిగితే రోజంతా ఎడారిలో తిరిగినా ఒంటినుంచి పోయేది చిన్న మూతెడు నీళ్లేనట. మెకానికల్ వాళ్లు దీనిమీద ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. అంత వేడి ఎక్కడికి పోతుంది అని గొడవ పెట్టుకోవచ్చు. కానీ గొడవ పెట్టుకునేంత వివరం రచయిత ఇచ్చాడు చూశారా.. అదీ సంగతి.

తర్వాత చట్టం. మనిషి చనిపోతే అతని ఒంట్లోని నీరు తెగ ఆస్తి. కథానాయకుడు పాల్‌తో ద్వంద్వయుద్ధంలో జామిస్ అనే ఫ్రెమెన్ చనిపోతాడు. అతని నుంచి తీసిన నీరు 33 లీటర్ల పైచిలుకు. మనిషి బరువులో సగానికి పైగా నీరేనని బయాలజీలో చదువుకున్నాం కదా.. ఆ 33 ఊరికే గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు.

ఆ తర్వాత డబ్బు. అన్ని లీటర్లు ఎవరు మోస్తారు? అందుకని ఆ నీటి పరిమాణానికి సరిపడా లోహపు ఉంగరాలు ఇస్తారు. నీళ్లు సీచ్‌లోని నిల్వలో, ఉంగరాలు మనిషి దగ్గర. బ్యాంకులో బంగారం, జేబులో నోటు అన్నట్టు.

చివరికి మర్యాద, దుఃఖం. జామిస్ అంత్యక్రియల్లో పాల్ కంట నీళ్లు తిరుగుతాయి. చుట్టూ ఉన్న ఫ్రెమెన్లు నివ్వెరపోతారు. చనిపోయినవాడికి నీళ్లిస్తున్నాడే! మనం పోయినవాళ్లకు తిలోదకాలు ఇస్తాం. వీళ్లు పోయినవాళ్ల నుంచి నీళ్లు తీసుకుంటారు. అలాంటిచోట కన్నీటి బొట్టంటే ఎంత పెద్ద దానమో ఊహించుకోండి.

పరికరం, చట్టం, డబ్బు, మర్యాద, దుఃఖం.. ఐదూ ఒకే షరతులోంచి పుట్టాయి. ఒకటి తీసేస్తే మిగతావి కూలిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో సిస్టమ్ డిజైన్ ప్రశ్న వచ్చినప్పుడు చూసేదీ ఇదే. ఎన్ని పేర్లు తెలుసని కాదు, 'ఈ ఒక్క రిక్వైర్‌మెంట్ మారితే ఇంకేమేం మారతాయి?' అని అడిగితే గొలుసు పట్టుకుని చివరిదాకా వెళ్లగలరా, లేదా అని.

పురుగు దేవుడెలా అయ్యింది?

నీటి తర్వాత రెండో నిజం ఇసుక పురుగు. లోపలి ఎడారిలో 400 మీటర్లకు మించినవి కూడా కనిపిస్తాయని నవల చెబుతుంది. ఇసుక మీద లయబద్ధంగా ఏ చప్పుడైనా వినిపిస్తే చాలు, వచ్చి మింగేస్తుంది. స్పైస్ తవ్వే భారీ యంత్రాలనూ వదలదు. బయటివాళ్లకు అదో పీడ. ఫ్రెమెన్లకు మాత్రం 'షై-హులూద్'. అరబ్బీలో శాశ్వతత్వాన్ని సూచించే మాటలోంచి వచ్చిన పేరు.

ఎందుకు దేవుడు? స్పైస్ పుట్టేదే ఆ జీవి జీవితచక్రంలోంచి. దాని పన్నుతో చేసేదే వాళ్ల పవిత్రమైన కత్తి. ఎడారిలో దూరాలు దాటించేదీ అదే. తేడా వస్తే ప్రాణం తీసేదీ అదే. ఆదాయం, ఆయుధం, బండి, భయం.. నాలుగూ ఒకేచోటి నుంచి వస్తే మనిషి దానికి దండం పెట్టక ఏం చేస్తాడు!

కానీ ఈ భక్తి దూరంగా నిలబడి చేసేది కాదు. నడకతోనే మొదలవుతుంది. ఇసుకలో ఫ్రెమెన్లు లయ తప్పించి అడుగులేస్తారు, గాలికి ఇసుక జారిన చప్పుడులా. పురుగు కావాలనుకుంటే 'థంపర్' అనే పరికరాన్ని ఇసుకలో పాతి దబదబమని కొట్టిస్తారు. వచ్చిన పురుగు పక్కకు ఉరికి, దాని ఒంటి వలయాల అంచును కొక్కేలతో పైకి లాగి పట్టుకుంటారు. వలయం కింది మెత్తటి భాగంలోకి ఇసుక పోతే పురుగుకు మంట. అందుకే ఆ భాగాన్ని పైకి ఉంచేలా దొర్లుతుంది, మళ్లీ ఇసుకలోకి మునగదు. అంతే, దేవుడి వీపు మీద ఎక్కేశారు! పురుగునెక్కనిదే అక్కడ కుర్రాడు పెద్దవాడు కాడు.

ఇక్కడ మంత్రాలేమీ లేవు. జంతువు శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసినవాడి తెలివి ఉంది. విశ్వాసం, ఇంజినీరింగ్ ఒకదానికొకటి అడ్డం రాలేదు. రెండూ ఒకే అవసరానికి రెండు ముఖాలు.

ఎడారే ట్రైనింగ్ క్యాంపు

ఇంత భక్తి ఉన్నవాళ్లు యుద్ధంలో అంత భయంకరంగా ఎందుకుంటారు? దీనికీ హెర్బర్ట్ దగ్గర జవాబుంది. చక్రవర్తి దగ్గర 'సార్డుకార్' అనే సైన్యం ఉంది. ఎవరూ బతకలేని జైలు గ్రహంలో పెంచడంవల్లే వాళ్లకు ఎదురులేదు. మరి అరాకిస్ కూడా అలాంటిదే కదా! అక్కడ పుట్టి, పెరిగి, పెద్దైన ప్రతి ఒక్కరూ ఆ పరీక్ష పాసైనట్టే. పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా. చక్రవర్తి ఖర్చుపెట్టి తయారుచేసుకున్న సైన్యాన్ని ఎడారి ఉచితంగా తయారుచేసింది.

వాళ్ల కత్తికీ ఆచారాలున్నాయి. ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా తిరిగి పెట్టకూడదు. ఆ కత్తిని చూసిన పరాయివాడిని వాళ్ల అనుమతి లేకుండా ఎడారి దాటనివ్వరు. కొన్ని కత్తులైతే మనిషి ఒంటికి దూరంగా ఉంచితే కొన్నాళ్లకు వాటంతటవే శిథిలమైపోతాయి. అంటే కత్తిని ఇంట్లో దాచుకోవడం కుదరదు, ఒంటిమీదే ఉండాలి. ఎప్పుడూ సిద్ధంగా ఉండే జాతిని చూపించడానికి ఈ ఒక్క వివరం చాలదూ?

జోస్యం నాటిందెవరు?

ఇక్కడిదాకా సర్వేగేమ్ డిజైన్ పాఠంలా సాగిన కథ, ఇక్కడ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఫ్రెమెన్లు ఒక రక్షకుడి కోసం ఎదురుచూస్తుంటారు. బయటి లోకం నుంచి వస్తాడు, తల్లి మహిమగలదై ఉంటుంది, తమను స్వర్గానికి నడిపిస్తాడు.. ఇలా. పాల్, అతని తల్లి జెస్సికా శత్రువుల నుంచి తప్పించుకుని ఎడారిలోకి వచ్చినప్పుడు ఆ జోస్యం అక్షరాలా నిజమైనట్టు కనిపిస్తుంది. ఎందుకు కనిపించదు? దాన్ని నాటింది జెస్సికా చెందిన 'బెనె జెస్సెరిట్' సంఘమే! తమవాళ్లు ఎప్పుడైనా ఆపదలో చిక్కుకుంటే పనికొస్తుందని, ఎన్నో గ్రహాల్లో ఇలాంటి నమ్మకాలను ముందే చల్లి ఉంచారు. ఆ పథకానికి పేరు కూడా ఉంది.. 'మిషనేరియా ప్రొటెక్టివా'. పాస్‌వర్డు తెలిసినవాళ్లు వచ్చి తలుపు తెరిచారు, అంతే.

హెర్బర్ట్ కథను అంత తేలిగ్గా వదల్లేదు. పాల్‌కు నిజంగానే భవిష్యత్తు కనిపిస్తుంది. ఫ్రెమెన్ల నమ్మకమూ నిజమైనదే, వాళ్ల త్యాగమూ నిజమైనదే. అబద్ధమైంది మొదటి విత్తనం ఒక్కటే. ఫలితం? రెండో నవల 'డ్యూన్ మెసయ్య' 1969లో వచ్చింది. తన పేరుమీద ఫ్రెమెన్లు చేసిన మతయుద్ధంలో కనీసం 6,100 కోట్ల మంది చనిపోయారని అందులో పాల్ తనే లెక్క చెబుతాడు. వీరుణ్ని చూసి చప్పట్లు కొట్టిన పాఠకుల చేతులు గాల్లో ఆగిపోయేది అక్కడే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. అమీర్‌పేట మెట్రో దిగి నాలుగడుగులు వేయండి. గోడ నిండా జోస్యాలే. 'ఈ కోర్సు.. ఆ ప్యాకేజీ', 'నూరు శాతం ప్లేస్‌మెంట్', 'ఇదే చివరి బ్యాచ్'. ఒక ఏడాది ఒక టెక్నాలజీ రక్షకుడు, మరుసటి ఏడాది ఇంకో రక్షకుడు. నేర్చుకోవద్దని కాదు. అన్ని కోర్సులూ మోసమనీ కాదు. మీ చెమట నిజం, ఇంట్లోవాళ్లు కట్టిన ఫీజు నిజం. కానీ మీ మనసులో ఆ కలను నాటిందెవరు, అది పండితే గింజలు ఎవరి గాదెలోకి వెళతాయి అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ ప్రశ్న అడగడం రాకపోవడమే ఫ్రెమెన్ల విషాదం.

కల నిజమైతే దేవుడు బతకడు

ఫ్రెమెన్లకు ఇంకో కల కూడా ఉంది. ఇది ఇంకా అందమైంది. పార్డాట్ కైన్స్ అనే గ్రహ శాస్త్రవేత్త అరాకిస్‌ను పచ్చగా మార్చొచ్చని వాళ్లకు చెప్పాడు. గాలిలోని తడిని పట్టే యంత్రాలు, ఇసుకను కట్టిపడేసే గడ్డి, మొక్కల పాదుల్లో మంచు బిందువులను కూడగట్టే గుడ్డు ఆకారపు చిన్న పరికరాలు. వెలుతురు పడితే తెల్లబడి ఎండను వెనక్కి కొట్టేస్తాయి, చీకట్లో పారదర్శకమై చల్లబడిపోతాయి, తెల్లారేసరికి వాటిమీద మంచు పేరుకుంటుంది. పని పూర్తవడానికి 300 నుంచి 500 ఏళ్లు పడుతుందని లెక్కకట్టాడు.

మొదట వాళ్లు అతనికి పిచ్చనుకుని, చంపడానికి ఒకణ్ని పంపుతారు. కైన్స్ మాటల ధ్యాసలో మునిగి, కత్తి పట్టుకుని ఎదురొచ్చినవాణ్ని పక్కకు తప్పుకోమని చెప్పి ముందుకెళ్లిపోతాడు. వాడు మూడడుగులు పక్కకు వేసి తన కత్తిమీద తనే పడి ప్రాణం వదులుతాడు. ఆ రోజు నుంచి కైన్స్ మాట వేదవాక్కు. తాము చూడలేని, మనవలు కూడా చూడలేని పచ్చదనం కోసం ఒక జాతి మొత్తం గుక్కెడు గుక్కెడుగా నీళ్లు దాచడం మొదలుపెట్టింది.

చిక్కెక్కడంటే, పురుగుకు నీరు విషం! గ్రహం పచ్చబడితే పురుగు చస్తుంది. పురుగు చస్తే స్పైస్ లేదు, కత్తి లేదు, స్వారీ లేదు, దేవుడూ లేడు. హెర్బర్ట్ ఆ పర్యవసానాన్నీ వదల్లేదు. 1981లో వచ్చిన నాలుగో పుస్తకం 'గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్' కథ దాదాపు 3,500 ఏళ్ల తర్వాత జరుగుతుంది. అరాకిస్ మీద నదులు పారుతుంటాయి. ఎడారి ఒక మూలకు మాత్రం మిగిలింది. ఫ్రెమెన్ల వారసులను అప్పుడు 'మ్యూజియం ఫ్రెమెన్' అంటారు. ఆచారాలన్నీ చేస్తారు, వాటి అర్థం మాత్రం మరిచిపోయారు. కొరత పోయింది కదా, దానిలోంచి పుట్టినవన్నీ వేషాలుగా మిగిలాయి.

పర్యవసానం అంటే ఇదీ. మొదటి పుస్తకంలో పెట్టిన షరతుకు నాలుగో పుస్తకంలో కూడా జవాబు చెప్పడం.

రిపోర్టింగ్‌కు వెళ్లి, నవలతో తిరిగొచ్చాడు

ఇదంతా కూర్చుని కళ్లు మూసుకుంటే వచ్చింది కాదు. హెర్బర్ట్ పాత్రికేయుడు. 1957లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఫ్లోరెన్స్ అనే ఊరికి వెళ్లాడు. తీరంలోని ఇసుక దిబ్బలు రోడ్లమీదికి రాకుండా ప్రభుత్వ వ్యవసాయ శాఖ గడ్డి నాటి ఆపుతోంది. దానిమీద ఒక వ్యాసం రాయాలన్నది అతని ఆలోచన. ఆ వ్యాసం అచ్చు కాలేదు. కానీ ఇసుక గురించి మొదలుపెట్టిన చదువు ఆగలేదు. ఎడారులు, వాటిలోని మతాలు, రక్షకుల కోసం ఎదురుచూసిన జాతులు.. ఏళ్లతరబడి చదువుతూనే ఉన్నాడు.

1963 నుంచి 1965 దాకా 'అనలాగ్' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వేయమంటే 20 మందికి పైగా ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి వేసింది చిల్టన్ అనే సంస్థ. కార్ల రిపేరు పుస్తకాలకు పేరున్న సంస్థ అది! తర్వాత హ్యూగో అవార్డు వచ్చింది, ఉత్తమ నవలకు ఇచ్చిన మొట్టమొదటి నెబ్యులా అవార్డూ దీనికే దక్కింది.

అరువు తెచ్చుకుంటే అప్పు గుర్తుండాలి

ఫ్రెమెన్లు పూర్తిగా గాల్లోంచి పుట్టినవాళ్లు కారు. వాళ్ల మాటల్లో అరబ్బీ నిండుగా ఉంది: మహదీ, ఉసూల్, జిహాద్. ఎడారి జీవనంలో బెదూయిన్ల ఛాయలున్నాయి. 19వ శతాబ్దంలో రష్యా సామ్రాజ్యంతో పోరాడిన కాకసస్ కొండజాతులు, వాళ్ల నాయకుడు ఇమామ్ షమీల్ గురించి లెస్లీ బ్లాంచ్ 1960లో రాసిన 'ద సేబర్స్ ఆఫ్ ప్యారడైజ్' ప్రభావమూ స్పష్టం. ఫ్రెమెన్ల రహస్య భాషకు పెట్టిన 'చకోబ్సా' అన్న పేరు కూడా కాకసస్‌దే.

దీనిపై విమర్శలూ ఉన్నాయి. నిజమైన మనుషుల మతాన్ని, భాషను కథకు అలంకారంగా వాడుకోవచ్చా అని. 1965 నవలలో ధారాళంగా ఉన్న 'జిహాద్' అనే మాట 2021 సినిమాలో లేదు, బదులుగా 'పవిత్ర యుద్ధం' అన్నారు. అరవై ఏళ్లలో ఒక మాట బరువు ఎంత మారుతుందో చూడండి. మీరు రేపు గేమ్‌కో, సిరీస్‌కో ఒక తెగను సృష్టిస్తే 'ఇది ఎవరి నుంచి తెచ్చాను? వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?' అనే ప్రశ్న మీ డాక్యుమెంటులో ఉండాల్సిందే.

భాషకే ప్రత్యేకంగా మనుషులున్నారు. సినిమాల కోసం ఫ్రెమెన్ భాషను తయారుచేసింది డేవిడ్ పీటర్సన్. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో దోత్రాకీ భాషా ఆయనదే. మనకూ ఓ ఉదాహరణ ఉంది. 'బాహుబలి'లో కాలకేయులు మాట్లాడిన కిలికి భాషను మదన్ కార్కీ వ్యాకరణంతో సహా కూర్చారు. అయితే కాలకేయులను మనం యుద్ధభూమిలోనే చూశాం. వాళ్ల ఇల్లు ఎలా ఉంటుంది, పెళ్లికి ఏం పెడతారు, ఎవరికి మొక్కుతారు? ఆ ఖాళీ నింపగలవాళ్ల కోసమే ఈ వ్యాసం.

ఇందులో ఉద్యోగాలున్నాయా?

ఉన్నాయి, కానీ 'వరల్డ్ బిల్డర్' అనే బోర్డు తగిలించుకుని కాదు. పని చాలా చేతులకు పంచి ఉంటుంది.

నరేటివ్ డిజైనర్, గేమ్ రైటర్: ఆచారాలను ఆటలో నియమాలుగా మార్చేవాళ్లు. 'లయ తప్పి నడిస్తే పురుగు రాదు' అనేది కథ మాత్రమే కాదు, అచ్చంగా ఒక గేమ్ మెకానిక్.

కాన్సెప్ట్, ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టులు: స్టిల్‌సూట్ గొట్టం ఎటునుంచి ఎటు వెళుతుందో గీసి చూపేవాళ్లు.

ఎఫ్ఎక్స్, టెక్నికల్ ఆర్టిస్టులు: ఇసుకను కదిలించేవాళ్లు. ఫిజిక్స్, కోడింగ్ వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులకు దగ్గరి దారి ఇదే. 'డ్యూన్' సినిమాల్లో నీలం, ఆకుపచ్చ తెరల బదులు చాలాచోట్ల ఇసుక రంగు తెరలు వాడారు, ఎడారి వెలుతురు సహజంగా కనిపించాలని. రెండు భాగాలకూ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పనిలో ముఖ్యపాత్ర పోషించిన డీఎన్ఈజీ భారతీయ గ్రూపు ప్రైమ్ ఫోకస్‌కు చెందినదే. ముంబయి, చెన్నైల్లోనూ స్టూడియోలున్నాయి.

సౌండ్ డిజైనర్లు: 'డ్యూన్' సౌండ్ బృందం ఎడారికి వెళ్లి ఇసుకలో మైకులు పాతి మరీ శబ్దాలు రికార్డు చేసింది.

చదువు సంగతికొస్తే, ఏ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లయినా డిజైన్‌లో పీజీ కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయొచ్చు. ఎన్ఐడీలకు వేరే ప్రవేశ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌తో బీఎఫ్ఏ ఉంది. సొంతంగా నేర్చుకోవాలంటే బ్లెండర్, ట్వైన్ పూర్తిగా ఉచితం. హూడినీకి నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత వెర్షన్ ఉంది.

గోడమీది ప్రకటనలు చెప్పని మాట కూడా వినండి. ఈ రంగం నిలకడైంది కాదు. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ వీఎఫ్ఎక్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు మన దేశంలోని దాని స్టూడియోలూ మూతపడ్డాయి. వేలమంది ఉద్యోగాలు పోయాయి. భాషలు సృష్టించే ఉద్యోగాలైతే ప్రపంచం మొత్తమ్మీద వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందుకే చేతిలో ఒక పని నైపుణ్యం గట్టిగా ఉండాలి. ఊహ దానికి తోడు కావాలి.

ఈ వారాంతం ఇలా చేసి చూడండి

1. మీకు బాగా తెలిసిన ప్రాంతం నుంచి ఒక్క కొరత తీసుకోండి. అనంతపురంలో వాన కావొచ్చు. నల్గొండలోలా నీళ్లుండీ ఫ్లోరైడ్‌వల్ల తాగలేకపోవడం కావొచ్చు. రెండు కొరతలు వద్దు, ఒక్కటే.

2. ఆ కొరతను పదింతలు పెంచండి. అప్పుడు జనం ఏ పరికరం కనిపెడతారు? అది దేనితో నడుస్తుంది?

3. ఆ పరికరంవల్ల మర్యాదలు ఎలా మారతాయి? చుట్టం ఇంటికొస్తే ఏమిస్తారు? తిట్టాలంటే ఏమని తిడతారు?

4. వాళ్లు దేనికి మొక్కుతారు? ఆ నమ్మకంవల్ల లాభపడేది ఎవరు?

5. చివరగా, ఆ కొరత తీరిపోయిందనుకోండి. వాళ్లు పోగొట్టుకునేది ఏమిటి?

రెండు పేజీలు దాటొద్దు. బొమ్మలొస్తే ఒక పరికరం గీయండి. కోడింగ్ వస్తే ఒక నియమాన్ని చిన్న గేమ్‌గా చేయండి. సొంత పేర్లు, గొప్ప యుద్ధాలు తర్వాత చూసుకోవచ్చు. ఐదో ప్రశ్నకు జవాబు దొరకలేదంటే మొదటి ప్రశ్నకు వెనక్కి వెళ్లండి. దొరికిందంటే, మీ పోర్ట్‌ఫోలియోకు మొదటి పేజీ తయారైనట్టే.